ఎనిమిది మాటల ప్రోగ్రాం

పోయిన సెప్టెంబరు ఆఖరి వారంలో ఒక పొద్దున నా భార్య జబీనా టీ గ్లాసు చేతికిస్తూ ఏదో చెప్పబోయింది. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. గ్లాసు జారి కిందపడింది. కుడిచెయ్యి అట్లాగే వేలాడిపోయింది. నా మొహంలోకి చూసింది, తప్పేదో నేను చేసినట్టు. ఆమె చెప్పబోయిన మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

నెల్లూరు ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నాం. కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చింది. పట్టుకుంటే నాలుగడుగులు వేసేది. చెయ్యి రాలేదు, మాట రాలేదు.

"మనం చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుంది. మెదడులో మాట బయటికి తెచ్చే చోట దెబ్బ తగిలింది. చదవడం, రాయడం కూడా ఆ దెబ్బలోనే పోయాయి" అన్నాడు డాక్టరు.

ఏడో తరగతి వరకు చదువుకున్న మనిషి. పలక ఇస్తే ఎడంచేత్తో ఒక గీత గీసింది. ఆ గీతను కాసేపు చూసి పలక పక్కన పెట్టేసింది.

ఇంటికి వచ్చే ముందు రోజు, మాటలు నేర్పించే మేడం ఒక ట్యాబ్ తెచ్చి చూపించింది. దాని నిండా బొమ్మలు. గ్లాసు బొమ్మ నొక్కితే 'వాటర్' అంది ఒక ఆడగొంతు. కడుపు బొమ్మ నొక్కితే ఇంకేదో ఇంగ్లిషు మాట చెప్పింది. మాట రానివాళ్లు ఇట్లా బొమ్మలు నొక్కి కావలసింది చెప్పుకోవచ్చట. జబీనా మొహం గోడవైపు తిప్పుకుంది.

"తెలుగులో లేదా మేడం?" అన్నాను.

"మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండేది నేనైతే చూడలేదండీ. ఎవరైనా చేస్తే బాగుండు."

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే నా బుర్రలో తిరిగింది. వాకాడులో నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకూ రొయ్యల గుంటల మోటార్లకూ కొత్తగా రాగితీగ చుట్టడం నా పని. నడుమ నాలుగేళ్లు కువైట్‌లోనూ అదే పని చేసి వచ్చాను. బటన్ నొక్కితే శబ్దం రావాలి, అంతే కదా అనుకున్నాను. కాలింగ్ బెల్లు చేసేది కూడా అదే. నా ఫోనులో ఎనిమిది కాలింగ్ బెల్లులు పెట్టాలి. ఒక్కొక్కటి ఒక్కో మాట చెప్పాలి. నీళ్లు, నొప్పి, చాలు, వద్దు, రా, ఫ్యాను, తలుపు, షాహీనా. ఇంతకంటే చిక్కు వైరింగులు నేను కళ్లు మూసుకుని వేశాను.

షాహీనా జబీనా చెల్లెలు. పక్క వీధిలోనే ఉంటుంది. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు ఇంట ఉండడు. బట్టలు కుట్టుకుంటూ బతుకు నడుపుకొస్తోంది. పొద్దునే వచ్చి అక్కకు స్నానం చేయించి, జడ వేసి, తినిపించి వెళ్లేది. నేను గూడూరుకు పోయి వాడిన ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కొస్తే గుమ్మంలోనే నిలబడి చూసింది.

"ఏంది బావా ఇది?"

"నేర్చుకుంటా."

"ఏం నేర్చుకుంటావు?"

"ప్రోగ్రామింగు."

నవ్వలేదు ఆమె. "అక్క కోసమా?" అంది. తలూపాను. జబీనాకు చెప్పొద్దన్నాను. తయారయ్యాకే చూపించాలని నా కోరిక.

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. మా తీరాన అసలు వానలు అప్పుడే. వానలొస్తే బోర్లు ఆగిపోతాయి, మోటార్లు కాలడం తగ్గుతుంది, షాపుకు పని ఉండదు. షాపు మా ఇంటి ముందు గదే. దాని వెనక గదిలో జబీనా మంచం. నేను బల్ల మీద తీగ చుట్టలు పక్కకు జరిపి ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫోనులో వీడియో చూస్తూ కూర్చునేవాణ్ణి. వీడియోలో కుర్రవాడు తెలుగులోనే చెప్పేవాడు. "చాలా సింపుల్ ఫ్రెండ్స్" అనేది అతని ఊతపదం.

అతనికి సింపులే. యాప్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోమన్నాడు. అతని వీడియోలో అది అరనిమిషంలో ఎక్కింది. నాకు తొమ్మిది రోజులు పట్టింది. వాన జోరైతే సిగ్నల్ పోయేది. సగం దిగి ఆగిపోతే మళ్లీ మొదటినుంచి. ఎక్కాక తెరిస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి, ఫ్యాను గొంతు చించుకుని, ఒక ఎర్ర గీత చూపించి నిలిచిపోయేది. ఏదో ఒకటి దొరకలేదట. దాన్ని వెతికి ఎక్కిస్తే, దానికి ఇంకోటి కావాలట. ఆ ఇంకోదాని గురించి వీడియోలో ఒక్క మాట లేదు. అతను నొక్కమన్న బటను నా తెర మీద అసలు లేనే లేదు. వీడియో కింద నాలాంటి వాళ్లు పాతిక మంది అదే అడిగి ఉన్నారు. 'బ్రో ఆ ఆప్షన్ నాకు రావట్లేదు.' జవాబు ఎవరూ ఇవ్వలేదు. ఒక్కొక్క ప్రశ్న కింద ఏళ్ల కిందటి తేదీ ఉంది. వాళ్లంతా ఏమయ్యారో.

కాలిన మోటారు విప్పితే ఏ చుట్ట మాడిందో వాసనే చెబుతుంది. ముట్టుకుంటే వేలికి తెలుస్తుంది. ఇది అట్లా కాదు. నలభయ్యో వరసలో తప్పుందని చూపిస్తుంది. నలభయ్యో వరస మొత్తం అక్షరం అక్షరం చూస్తాను. తప్పు ఉండేది ముప్పై ఎనిమిదిలో, ఒక చుక్క కింద తోక పెట్టకపోవడం. ఒకసారి ఎవరో రాసిపెట్టినది నకలు చేసి అతికిస్తే రెండు రోజులు నడవలేదు. కొటేషన్ గుర్తులు నిటారుగా ఉండాల్సింది వంకరగా ఉన్నాయి. కంటికి రెండూ ఒకటే.

నవంబరు మొదట్లో బటన్లు తెర మీదికి వచ్చాయి. ఇక వాటి వెనక గొంతు పెట్టాలి. ఎవరి గొంతు అనే ప్రశ్నే నాకు రాలేదు. కువైట్‌లో ఉన్న నాలుగేళ్లూ జబీనా నాకు రోజూ వాయిస్ మెసేజ్ పెట్టేది. ఆ పాత ఫోను గాజు పగిలినా పనిచేస్తూనే ఉంది. అందులో ఆరువందలకు పైగా ఉన్నాయి. ఆమె గొంతే ఆమెకు తిరిగి ఇస్తాను అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు అన్నం కూడా సయించలేదు, అంత సంతోషం.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటీ వినడం మొదలుపెట్టాను.

"ఏమయ్యా, తిన్నావా? నీళ్లు ఎక్కువ తాగు, ఆడ ఎండలంట."

'నీళ్లు' దొరికింది. కత్తిరించుకున్నాను.

"నడుం నొప్పి తగ్గిందా? మందు రాసుకున్నావా లేదా? నువ్వు రాసుకోవులే, నాకు తెలీదా."

'నొప్పి' దొరికింది. ఆ ముక్కను 'నొప్పి' అని తెలుగులో పేరు రాసి పెట్టుకున్నాను. ప్రోగ్రాం ఒప్పుకోలేదు. ఎర్ర గీత. షాహీనా ఇంటర్ చదివింది. ఆమెను పిలిచి ఆ ఇంగ్లిషు చదవమన్నాను.

ఆమె వేలు పెట్టుకుని చదివింది. "పేరులో చిన్న ఏబీసీడీలే ఉండాలంట బావా. పెద్దయి కూడా ఉండగూడదంట. తెలుగు అసలే గూడదంట."

"లోపల గొంతు తెలుగేగదా మే?"

"గొంతుకేం లేదంట. పేరుకే."

అలా జబీనా మాటలన్నిటికీ ఇంగ్లిషు అక్షరాల్లో పేర్లు పెట్టాను.

ఎనిమిదీ దొరికాక ఇంకొక్క మాట కావాలనిపించింది. 'నాకు'. 'నాకు నీళ్లు', 'నాకు నొప్పి' అని రెండు బటన్లు వరసగా నొక్కితే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. దానికోసం మళ్లీ మొదటినుంచి విన్నాను. తిన్నావా, పడుకున్నావా, చలికి దుప్పటి ఉండాదా, మేస్త్రీ మంచోడేనా, జొరం తగ్గిందా. ఆరువందల మెసేజీల్లోనూ నేనే ఉన్నాను. ఆమె లేదు. మూడుచోట్ల మాత్రం, నేనెప్పుడో 'నీకెట్టుంది' అని అడిగినందుకు జవాబు చెప్పింది. మూడుచోట్లా ఒకటే.

"నాకేం? బాగుండా."

ఆ 'నాకేం'లోంచి 'నాకు'ను విడదీయడానికి చూశాను. ఎక్కడ కత్తిరించినా 'నాకే' అని వస్తోంది. 'నాకు' ఆ 'ఏం'లో కలిసిపోయి ఉంది, దాన్ని బయటికి తీయడం ఏ కత్తెర వల్లా కాలేదు. ఒక చోట కాకపోతే ఒక చోట విడిగా అని ఉండకపోతుందా అని మళ్లీ వినడం మొదలుపెట్టాను. 'నాకు తెలీదా' అన్నదాంట్లో ఉంది గానీ, ఆ చివర 'తె' అంటుకుని వచ్చేది.

నవంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం. రేకుల మీద వాన. నేను బల్ల దగ్గర కళ్లు మూసుకుని వింటున్నాను. భుజం పట్టుకుని ఎవరో ఊపారు. కళ్లు తెరిస్తే షాహీనా, తలంతా తడిసి ఉంది, నోరు కదులుతోంది. ఇయర్‌ఫోన్లు పీకాను.

"వస్తావా రావా బావా! అక్క పడిపోయినాది!"

వెనక వసారాలో, బాత్‌రూముకూ గుమ్మానికీ మధ్య, తడి గచ్చు మీద జబీనా పడి ఉంది. చీర కుచ్చిళ్లు నీళ్లలో నానుతున్నాయి. ఎంతసేపైందో తెలియదు. ఏడవడం లేదు. వానను చూస్తోంది. ఇద్దరం లేపి మంచం మీద పడుకోబెట్టాం. తల పక్కన చిన్న బొప్పి. ఇంకేం దెబ్బలు లేవు.

ఏదైనా కావాలంటే జబీనా ఎడంచేతి గాజులతో మంచం ఇనప పట్టీ మీద కొట్టేది. నేను షాపులోంచి లేచి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ పట్టీ కింద గాజుముక్కలు ఉన్నాయి. షాహీనా చీపురు తెచ్చి వాటిని ఎత్తింది.

"గాజు పగిలేదాకా కొట్టిందే. ఎంతసేపు కొట్టిందో. నీకు వినపళ్లా? చెవుల్లో ఏం పెట్టుకోనుండావు నువ్వు?"

మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్లను జేబులో కుక్కుకున్నాను.

అప్పుడే మానేసి ఉండాల్సింది. కానీ ఇంకొంచెమే ఉంది. ఈ పని ఎప్పుడూ ఇంకొంచెమే ఉంటుంది, అదే దానితో వచ్చిన చిక్కు. పూర్తిగా రాకపోతే ఎవరైనా వదిలేస్తారు. ఇది రోజుకో పిసరు వస్తుంది. 'నాకు' లేకుండానే చేద్దామనుకున్నాను.

డిసెంబరు మొదటి శుక్రవారం, జుమ్మా నమాజు నుంచి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు ఎర్ర గీత రాలేదు. ఫోను కేబుల్‌తో తగిలించి నడిపితే తెర మీద ఎనిమిది రంగుల గళ్లు. నీలం గడి మీద గ్లాసు బొమ్మ. వేలు పెట్టాను.

"నీళ్లు" అంది జబీనా.

బల్లమీద చేతులు పెట్టి లేచి నిలబడ్డాను. యాభై రెండేళ్లవాణ్ణి, చిన్నపిల్లాడిలా గదిలో అటూ ఇటూ తిరిగాను. ఎవరికైనా చెప్పాలనిపించింది గానీ వీధిలో వాన తప్ప ఎవరూ లేరు. ఫోను తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. షాహీనా అక్క కాళ్లకు నూనె రాస్తోంది.

"ఇదిగో, నీ కోసం చేసినా" అని ఫోను జబీనా ఎడంచేతిలో పెట్టాను. "ఇది నొక్కు."

నొక్కింది.

"నీళ్లు."

ఆమె ముందు ఫోనువైపు చూడలేదు. గుమ్మంవైపు చూసింది, ఎవరో వచ్చినట్టు. తర్వాత నన్ను చూసింది. తర్వాత ఫోను. మళ్లీ నొక్కింది. "నీళ్లు" అంది అది. ఈసారి ఆమె పెదాలు దాంతోపాటు కదిలాయి. పళ్ల మధ్య నాలుక ఆనించింది. ఆ... అని ఒక మూలుగు మాత్రం వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించింది. అదే మూలుగు.

ఫోనును బోర్లా తిప్పి పరుపు మీద పెట్టింది. కాళ్ల దగ్గరున్న దుప్పటి చివర ఎడంచేత్తో లాగి దానిమీద కప్పింది.

"మిగతాయి కూడా నొక్కు, ఎనిమిది ఉండాయి" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది.

నాకు అర్థం కాలేదు. చెబితే సిగ్గుగా ఉంటుంది, ప్రోగ్రాంలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. రెండు నెలలుగా ఏది జరక్కపోయినా లోపం దాంట్లోనే దొరికింది కదా. గళ్లు చిన్నవేమో అని పెద్దవి చేశాను. రంగులు మార్చాను. గొంతు పెంచాను. మార్చిన ప్రతిసారీ తీసుకెళ్లి చూపించేవాణ్ణి. నా చేతిలో ఫోను కనిపిస్తే చాలు కళ్లు మూసుకునేది. నాలుగో రోజు నాకు కోపం వచ్చింది.

"రెండు నెల్లుగా కళ్లు పోగొట్టుకొని చేసినాను, నీ కోసమే గదా! ఒక్కసారి నొక్కితే ఏం పోయింది నీకు?"

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. జవాబు చెప్పలేని మనిషిని ప్రశ్న అడిగానని, అడిగాక తెలిసింది.

షాహీనా నన్ను షాపులోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఆ గొంతు ఎవరిది బావా?"

"ఎవరిదేంది, అక్కదే."

"అదే. ఆ గొంతుగలామె పోయిందని అక్కకు తెలుసు. నువ్వే ఇంకా తెలుసుకోలా."

ఆ మాట అని ఆమే ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, "నా గొంతు పెట్టు. నాదైతే పరాయిది. పరాయి గొంతుతో ఎవరైనా నీళ్లడగొచ్చు" అంది.

ఆ రోజే వాళ్లింట్లో కుట్టు మిషను పక్కన కూర్చుని మాటలన్నీ చెప్పింది. 'నాకు' కూడా చెప్పింది. వీధిలో అమ్మేవాళ్ల కేకలు పడకుండా కిటికీ మూసి, ఒక్కొక్క మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆమె పేరు గడి దగ్గరికి వచ్చేసరికి, "నన్ను నేనే పిలుచుకోవాల్నా?" అని నవ్వింది. ఆ శీతకాలంలో ఆ ఇంట విన్న నవ్వు అదొక్కటే.

ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది, మార్చమంటారా అని అడిగింది తెర. కొత్తదంటే మంచిదే కదా అని నొక్కాను. ఒక రాత్రీ పగలూ దించుకుంది. అంతే, ఇక ప్రోగ్రాం నడవలేదు. నేను ఒక్క అక్షరం మార్చలేదు. నిన్న నడిచిందే. అరవై మూడు ఎర్ర గీతలు. వాటిలో ఒక్కటి కూడా నేను రాసిన దాంట్లో లేదు. నేనెప్పుడూ తెరవని, ఉన్నాయని కూడా తెలియని ఫైళ్లలో ఉన్నాయి.

వారం రోజులు కొట్టుకున్నాను. ఈలోపు గాలివాన వచ్చి రెండు రోజులు కరెంటు లేదు. ఆ రెండు రోజులూ ఆరిన తెరను చూస్తూ కూర్చున్నాను. చివరికి షాహీనా తన దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామెను అడిగి, ఆమె బంధువు నెల్లూరులో కాలేజీలో కంప్యూటర్లు చెబుతుందని కనుక్కుంది. పేరు విజయకుమారి. గూడూరులో బస్సు మారి, ల్యాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వెళ్లాను.

యాభై ఏళ్లుంటాయి ఆమెకు. గోడ మీద సిలువ, కిందే వాకర్ పట్టుకుని కూర్చున్న ఆమె తల్లి. నేను విషయం చెబుతుంటే మధ్యలో మాట్లాడకుండా విని, కళ్లజోడు పెట్టుకుని నేను రాసింది పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇదంతా మీరే రాశారా షాహుల్ గారూ?"

"చూసి రాసినాను మేడం. సొంతంగా ఏం తెలీదు నాకు."

"చూసి రాసినా ఎందుకు రాశారో తెలిసే రాశారు. నా స్టూడెంట్లలో సగం మంది కంటే శుభ్రంగా ఉంది. మీకు రానిది ప్రోగ్రామింగు కాదండీ."

"మరింకేంది మేడం?"

"దాని చుట్టూ ఉండేది. ఈ పది వరసలు నడవాలంటే కింద ఇంకో ఇరవై సామాన్లు నడవాలి. వాటిని ఎవరెవరో ఎక్కడెక్కడో చేశారు. ఒకటి మారితే ఇంకోటి ఒప్పుకోదు. రోజూ ఇదే పని చేసేవాళ్లకు ఏది ఎక్కడ తగులుకుంటుందో అలవాటు. మా ఇంట్లో గడప ఎత్తని నాకు తెలుసు, నేను దాటేస్తా. మీరు మొదటిసారి వచ్చారు, తట్టుకున్నారు. గడప ఉందని చెప్పేవాళ్లు లేరు. చెప్పాలని కూడా ఎవరికీ తట్టదు, దాటేవాళ్లకు అది కనపడదు కాబట్టి."

"నేనొక మోటారు కడితే పదేళ్లు అట్టనే తిరుగుద్ది మేడం. దీన్ని నేను ముట్టుకోను కూడా లేదు. ఊరకే ఉండి చెడిపోయింది."

"ముట్టుకోకుండా వదిలేస్తే చెడిపోయేదే ఇది" అందామె. నవ్వలేదు. "మా కాలేజీలో పరీక్షలు జరుగుతున్నాయి. ఇక్కడ పెట్టిపోండి. సెలవుల్లో కూర్చుని చూస్తా. మీరు మాత్రం మధ్యలో వదిలెయ్యొద్దు."

ల్యాప్‌టాప్ ఆమె దగ్గర పెట్టి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. అది డిసెంబరు ఇరవై రెండు.

మర్నాడు వాన వెలిసింది. ఎండ కాసింది. చేతులకు పనిలేదు. తూపిలిపాళెం నుంచి ఐసు ఫ్యాక్టరీవాళ్ల మోటారు ఒకటి వచ్చి నెలైంది, ఆ మూల పడి ఉంది. దాన్ని విప్పాను. జబీనాను నడిపించుకొచ్చి షాపులో కుర్చీలో కూర్చోబెట్టాను, కాళ్లమీద ఎండ పడేట్టు. చుట్ట చుట్టే మిషను ముందు కూర్చుని, చుట్టకు యాభై ఆరు చుట్లని పైకే అనుకుని పిడి తిప్పసాగాను. దాని మీద లెక్క చూపించే ముల్లు పాడై ఏళ్లయింది. నోటితో లెక్క పెట్టుకోవాలి. పెళ్లైన కొత్తలో ఆ లెక్క జబీనా పెట్టేది, నేను తిప్పేవాణ్ణి. కువైట్ పోయాక ఆ అలవాటు పోయింది.

ముప్పై దాటాక ఎవరో పలకరిస్తే లెక్క తప్పాను. ముప్పై ఆరో, ముప్పై ఎనిమిదో. చేయి ఆపి ఆలోచిస్తుంటే టకటకమని శబ్దం. జబీనా కుర్చీ చేతిమీద వేలితో కొడుతోంది. ఐదు, ఆగి ఐదు, ఆగి ఐదు. ఏడు ఐదులు కొట్టి, ఇంకో రెండు కొట్టి, వేలు ఎత్తింది. ముప్పై ఏడు.

తిప్పడం మొదలుపెట్టాను. ఆమె వేలు ఒక్కొక్క చుట్టుకూ ఆడుతూనే ఉంది. యాభై ఆరు దగ్గర అరచెయ్యి ఎత్తి పట్టింది. ఆగాను. తీగ తెంపి, చుట్టను మిషను నుంచి తీసి చుట్లు లెక్కపెట్టి చూశాను. యాభై ఆరు.

"సరిగ్గా ఉండాది" అన్నాను.

పెదవి ఒక పక్కకే కదిలింది, రెండో పక్క కదలదు. నవ్విందని తెలుసు నాకు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆమెను షాపులోకి తెచ్చేవాణ్ణి. ఐసు ఫ్యాక్టరీ మోటారు మొత్తం ఆమె లెక్కమీదే చుట్టాను. దగ్గర కూర్చుంటే కొన్ని తెలిశాయి. దాహమైతే గొంతు దగ్గర చీర సర్దుకుంటుంది. చాలంటే కనుబొమ్మలు ఎత్తుతుంది. షాహీనా కావాలంటే జడ ముందుకు వేసుకుని చూస్తుంది. ఇవన్నీ అక్టోబరు నుంచీ చేస్తూనే ఉందట. షాహీనాకు ముందే తెలుసు. నాకు మాత్రం అవి కొత్త. అట్లా పదకొండు రోజులు గడిచాయి. ఆ పదకొండు రోజులే నాకు మిగిలినవి.

జనవరి మూడో తేదీ తెల్లవారి నమాజుకు లేచి, ఎప్పటిలా "టీ పెట్టేదా?" అని ఆమెను తట్టాను. చెయ్యి చల్లగా ఉంది. నిద్రలోనే పక్షవాతం రెండోసారి వచ్చిందన్నాడు డాక్టరు. నొప్పి తెలిసి ఉండదన్నాడు. తెలిసి ఉంటుందేమో, ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఆయనకు తెలియదు. మధ్యాహ్నానికల్లా మట్టి ఇచ్చి వచ్చాం. షాహీనా మంచం పరుపు ఎత్తి ఎండలో వేసింది, ఎవరైనా చూస్తారేమోనని వెంటనే మళ్లీ లోపలికి తెచ్చి పరిచింది. ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు.

జనవరి ఇరవయ్యో ఇరవై ఒకటో. షాపు తెరిచి మూడు రోజులైంది. ఒక రైతు తెచ్చిన మోటారు బోల్టులు విప్పుతున్నాను. ఫోను మోగింది.

"షాహుల్ గారూ, విజయకుమారిని. నడిచిందండీ! ఇప్పుడే మా అమ్మ చేత కూడా నొక్కించా. ఆలస్యమైంది, ఏమనుకోవద్దు."

ఆమె గొంతులో సంతోషం ఉంది. ఆ సంతోషం నాకు తెలుసు, డిసెంబరు మొదటి శుక్రవారం నాకూ కలిగింది. దాన్ని చెడగొట్టడానికి నోరు రాలేదు.

"ఏం తప్పు మేడం?" అని అడిగాను.

"తప్పు మీది కాదండీ. ఒక్క అంకె. మీరు ఎప్పుడూ తెరవని ఒక ఫైలుంది, అందులో ఏడు ఉన్నచోట ఎనిమిది ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్ కొత్తదయ్యింది, ఆ ఫైలేమో పాతదాన్నే వెతుక్కుంటోంది. దొరక్క, దానిమీద ఆధారపడినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. అరవై మూడు కనిపించాయి గానీ తప్పు ఒక్కటే. మొదటిదాన్ని చూడాలి, మిగతావి చూడకూడదు."

స్పానర్ కింద పెట్టి, రైతుకు కూర్చోమని సైగ చేసి విన్నాను. ఆ ఫైలు ఎక్కడుంటుందో, దాన్ని ఎట్లా తెరవాలో, ఇంకోసారి కొత్తది వస్తే ముందు ఏం చూసుకోవాలో ఓపిగ్గా చెప్పింది. మోటారు పట్టీలు రాసుకునే కాగితం మీద పెన్సిల్‌తో అంతా రాసుకున్నాను.

"అర్థమైందా?"

"అర్థమైంది మేడం."

నిజంగానే అర్థమైంది. ఒక్క మాట కూడా తిరిగి అడగనక్కరలేకుండా మొత్తం అర్థం కావడం అదే మొదటిసారి.

"ఇక మీకు ఆగదు. ఎనిమిది గళ్లే ఎందుకు, ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఆదివారం రండి. వచ్చేటప్పుడు ఇంకా ఏమేం మాటలు కావాలో మీ ఆవిణ్ణి అడిగి రాసుకుని రండి, ఇద్దరం కూర్చుని పెట్టేద్దాం."

"అట్టనే మేడం, అడుగుతాను" అన్నాను.